మూడో నంబరు డబ్బా

తొమ్మిదో నంబరు ఇంటి తలుపు జానెడు తెరుచుకుంది. కాంతం తల బయటికి పెట్టి సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. ఎవరూ లేరు. కుళాయి ఇంకా రాలేదు. ఒకే వరసలో ఉన్న పది పెంకుటిళ్ల ముందు పది రేకు చెత్త డబ్బాలు నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని పొట్టమీద ఎర్ర రంగుతో ఒక్కో నంబరు.

ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకుని బయల్దేరింది. పొద్దున్నే కుళాయి దగ్గర బిందె వరసలో పెట్టడానికి వెళ్లే ఆడదాన్ని ఎవరూ అనుమానించరు. మూడో నంబరు దాటుతుండగా ఆమె చెయ్యి ఒక్క క్షణం డబ్బా మీదికి వంగింది. చిన్న కాగితం ఉండ లోపల పడింది. ఆ కాగితంలో బొటనవేలంత గాజు సీసా ఉంది.

ముప్పై ఎనిమిదోది. ఇంకా యాభై రెండు ఉన్నాయి.

కాంతం భర్త త్రినాథరావుకి క్షయ. ఆ మాట సందులో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏం జరుగుతుందో ఆమె కళ్లారా చూసింది. కిందటేడు వెనక వీధిలో ఒక పెయింటరుకి ఇదే జబ్బని బయటపడింది. మూడో రోజుకి అతని సామాను రిక్షా ఎక్కింది. ఆ ఇంటికి రెండుసార్లు సున్నం కొట్టించారు. ఊళ్లు పట్టి తిరగడంలో అతని మందులు మధ్యలో ఆగిపోయాయి. దసరా నాటికి మనిషి లేడు.

పెద్దాసుపత్రి డాక్టరు కాంతానికి విడమరిచి చెప్పాడు. నెల దాటింది కాబట్టి జబ్బు ఇక ఎవరికీ అంటదు, త్రినాథరావు పనికి కూడా వెళ్లొచ్చు. కానీ తొంభై ఇంజక్షన్లలో మధ్యలో మానితే మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి మందు పనిచేస్తుందో లేదో తన చేతిలో లేదు. అందుకే త్రినాథరావు పొద్దున్నే లారీ ఎక్కి ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోటికి వెళ్లి ఇనుప చువ్వలు వంచుతున్నాడు. సాయంత్రం అతని మేనమామ కొడుకు, కాంపౌండరు అర్జునరావు, చుట్టపు చూపుగా వచ్చి తలుపేసి సూది వేసి వెళ్తున్నాడు.

మిగిలిన చిక్కల్లా ఖాళీ సీసాలతోనే.

"నువ్వే ఒట్టుకెళ్లిపో అన్నా," అని కాంతం మొదట్లో అర్జునరావుని బతిమాలింది.

"నా జేబులో ఆసుపత్రి సీసాలు దొరికితే నాను మందు అమ్ముకుంటన్నానంటారమ్మా. నన్నొగ్గెయ్," అన్నాడతను.

ఫ్యాక్టరీ గేటు దగ్గర క్యారేజీ గిన్నెలు కూడా విప్పి చూస్తారని త్రినాథరావు తీసుకెళ్లలేదు. కాంతం వాటిని సందు వెనక మురుగు పారే గెడ్డలో పారేసింది. నాలుగో రోజున చూస్తే సందులో పిల్లలు ఆ సీసాల రబ్బరు మూతలు పీక్కుంటున్నారు. ఒక చిన్న పిల్ల సీసాలో నీళ్లు పట్టి తాగుతోంది. జబ్బు సీసాలో కూడా ఉంటుందని కాంతం నమ్మకం. పిల్లలకి అందనంత దూరం వెళ్లాలంటే ఒక్కటే దారి, చెత్త ఎత్తే పైడితల్లి గంప. కానీ సొంత డబ్బాలో వేస్తే నంబరు పట్టిస్తుంది.

డబ్బాల ఏర్పాటు రమణమూర్తిది. ఒకటో నంబరు ఇల్లు ఆయనది. రాజమండ్రి వైపు నుంచి వచ్చి పోర్టులో టైమ్‌కీపరుగా చేస్తున్నాడు. ఇళ్ల ఓనరు సన్యాసిరాజు సబ్బవరంలో ఉంటాడు కాబట్టి ఇక్కడ ఆయన కళ్లూ చెవులూ రమణమూర్తే. చెత్తబండి పది రోజులకోసారి కూడా రావడం లేదని ఆయన పైడితల్లిని కుదిర్చాడు. ఆమెకి జీతం లేదు. వంటింటి చెత్త గేదెల పాకలకి పోతుంది. కాగితం, గాజు, రేకు ఏరుకుని అమ్ముకుంటే అదే ఆమె కూలి. ఎవరో కాగితాల మీద గంజి పారబోసి పాడుచేస్తున్నారని పైడితల్లి ఫిర్యాదు చేస్తే, ఆ దొంగని పట్టుకోవడానికి రమణమూర్తి నంబర్లు వేయించాడు.

సందుకి ఈ ఏర్పాటు మొదటి రోజు నుంచీ మింగుడు పడలేదు.

"జీతం అడగలేదంటేనే ఏటో ఉంది," అంది ఆరో నంబరు నాగమణి కుళాయి దగ్గర. "మన సీసాలమ్ముకుని మేడ కట్టేత్తదేటో."

"కడితే నీకో గది అద్దెకిత్తాన్లే అమ్మా. చెత్త మాత్రం బేగి పడెయ్యాల," అంది పైడితల్లి గంప దించకుండానే.

నంబర్లు వచ్చాక అనుమానం ఇంకా ముదిరింది. ఎవరింట్లో ఏం తిన్నారో, ఏం తాగారో, ఎవరికి ఏ ఉత్తరం వచ్చిందో ఈ పైడితల్లికి తెలిసిపోతోంది. ఆమె ఎవరికి చేరవేస్తోంది? రమణమూర్తికా, సబ్బవరానికా? పైకి ఎవరూ అనలేదు. కానీ పొద్దున్నే బిందెలు పెట్టడానికి వెళ్లే ఆడవాళ్లు ఎక్కువయ్యారు. మగవాళ్లు కూడా బిందెలు మోయడం మొదలుపెట్టారు.

కాంతం మూడో నంబరుని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ ఇంట్లో గవర్రాజు ఒక్కడే ఉంటాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పని. తెల్లారకముందే సైకిలెక్కి వెళ్లిపోతాడు. డబ్బాలో బీడీ ముక్కలు తప్ప ఏమీ ఉండవు. పైగా ఆమెని సెల్లీ అని పిలుస్తాడు. దొరికినా పెద్ద గొడవ చెయ్యడనుకుంది.

సీసా రమణమూర్తికి దొరికింది.

ఆయనకి రోజూ గొడుగు మొనతో డబ్బాలు కెలికి చూసే అలవాటు పడింది. మూడో నంబరులో కాగితం ఉండ విప్పి, సీసా మీది అక్షరాలు కూడబలుక్కుని, దాన్ని జేబురుమాల్లో పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాడు. పోర్టు డిస్పెన్సరీలో అడిగితే అదేం మందో చెప్పారు. మధ్యాహ్నం గవర్రాజు సైకిలు దిగేసరికి సందంతా అతని గుమ్మం ముందే ఉంది.

"ఏమయ్యా గవర్రాజూ, ఇది నీ డబ్బాలో దొరికింది."

"ఏటిది?"

"క్షయకి వేసే ఇంజక్షను."

గవర్రాజు సీసాని చూసి, తర్వాత అందరి మొహాలూ చూశాడు. "ఐసు దిమ్మలు ఎత్తే ఒళ్లు బాబూ ఇది. క్షయేటి?"

"మరి ఆ దగ్గేమిటి?"

"బీడీది. దగ్గు రాకపోతే బీడీ కల్తీదని దుకాణమోడికి ఎనక్కి ఇచ్చెత్తాను."

ఎవరూ నవ్వలేదు. నాగమణి చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గవర్రాజుకి అప్పుడు అర్థమైంది. ఇంకేదో అనబోయాడు. అదే సమయానికి దగ్గు వచ్చింది. జనం ఒక్కసారిగా నాలుగడుగులు వెనక్కి వేశారు. తీర్పు అయిపోయింది.

ఆ రోజు నుంచి అతను కుళాయి ముట్టకూడదు. ఎవరైనా దయతలిచి పోస్తే పట్టుకోవాలి. దయతలిచే వంతు రోజూ కాంతానిదే అయింది.

"సెల్లీ, నువ్వొక్కదానివే దగ్గరకొత్తన్నావు. నీకు బయ్యం లేదేటి?" అన్నాడు గవర్రాజు బిందె చాపి.

కాంతం అతని మొహం చూడలేదు. నీళ్లు బిందె నిండి పొంగి ఆమె కాళ్ల మీద పడ్డాయి.

ఆమె ఆ తర్వాత మూడో నంబరులో ఏమీ వేయలేదు. ఎక్కడా వేయలేదు. సీసాలు ఇంట్లోనే పోగయ్యాయి. నలభై ఆరో ఇంజక్షను అయిన మర్నాడు గవర్రాజు ఎండెక్కకుండానే వెనక్కి వచ్చేశాడు. సైకిలు గోడకి ఆనించలేదు, విసిరేశాడు.

"ఎవరు సెప్పేరు?" అన్నాడు సందు మధ్యలో నిలబడి. "మా మేస్త్రీకి ఎవరు సెప్పేరో బయటికి రండి. తినే సేపల మీద ఏసే ఐసు కాబట్టి నన్ను ముట్టొద్దన్నాడు. పద్నాలుగేళ్ల పని."

ఎవరూ బయటికి రాలేదు. కిటికీలు మాత్రం ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"సరే. నా డబ్బా సూసేరు కదా. మీయి కూడా సూద్దాం."

అతను ఒకటో నంబరు డబ్బా ఎత్తి బోర్లించాడు. తర్వాత రెండోది. అడ్డుకోవడానికి వచ్చిన వాళ్లు అతన్ని ముట్టుకోవడానికి భయపడి అంత దూరంలోనే ఆగిపోయారు. పది డబ్బాలూ నేల మీద పది కుప్పలయ్యాయి. పైడితల్లి అప్పుడే గంపతో సందులోకి వచ్చి, చూసి, గోడ వారన చతికిలపడింది.

మాంసం వాసనకే స్నానం చేసే ఐదో నంబరు వాళ్ల కుప్పలో మేక ఎముకలున్నాయి. అక్షరం ముక్క రాని ముసలమ్మ ఒక్కతే ఉండే ఏడో నంబరులో లాటరీ టిక్కెట్లు గుత్తులుగా బయటపడ్డాయి. నాగమణి కుప్పలో పైదేశపు విస్కీ సీసా దొర్లింది.

"మాది కాదు," అంది నాగమణి. "నా మొగుడు కల్లు తప్ప ముట్టడు. ఎవరో తెచ్చి పడేసేరు."

"ఓడల్లోంచి దిగే సీసా ఇది," అన్నాడు గవర్రాజు. "ఈ సందులో ఓడల కాడ పనిసేసేది ఎవరో నాకైతే తెల్దు."

పోర్టులో పనిచేసేది రమణమూర్తి ఒక్కడే. ఆయన గొంతు సవరించుకున్నాడు. "సీసా సంగతి తర్వాత. ముందు జబ్బు సంగతి తేలాలి. ఎవరి చెత్త ఎవరి డబ్బాలో ఉందో తెలియకుండా పోయింది కాబట్టి, ఇళ్లే వెతుకుదాం. మందు ఉంటే ఇంట్లోనే ఉంటుంది."

వెతుకులాట రెండో నంబరు నుంచి మొదలైంది. ఒకటో నంబరు నుంచి ఎందుకు కాదని ఎవరూ అడగలేదు.

కాంతం తలుపేసుకుంది. ఎనిమిది సీసాలు ఖాళీ బియ్యం డబ్బాలో ఉన్నాయి. వాటితోపాటు ఆసుపత్రి కార్డు, ఇంకా వాడని మందు. బియ్యం డబ్బా మొదట చూసే చోటు. పెట్టె రెండోది. పెరట్లోకి పోతే గోడ మీంచి పదో నంబరు వాళ్లు చూస్తారు. గోడ అవతల అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఏడు. ఎనిమిది.

ఆమె అన్నీ ఒక గుడ్డలో మూటగట్టి వసారా మూల నేల మీద పెట్టింది. దాని మీద గోనెపట్టా పరిచి కూర్చుంది. పక్కన ఒక చెంబూ కంచమూ పెట్టుకుంది. జుట్టు విప్పుకుంది.

తలుపు తోసుకుని రమణమూర్తి గడపలో కాలు పెట్టాడు.

"లోపలికి రాకండి బాబూ," అంది కాంతం తల దించుకుని. "బయట చేరేను."

రమణమూర్తి కాలు గాల్లోనే ఆగి వెనక్కి వెళ్లింది. ముట్టయిన ఆడది కూర్చున్న చోట చాప కూడా తాకని ఇల్లు ఆయనది. ఆయన వెంట వచ్చిన ఇద్దరు మగాళ్లు గదిలో పెట్టె, బియ్యం డబ్బా చూశారు. ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక్క నిమిషంలో వెళ్లిపోయారు.

కాంతం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. బతికిపోయాం అనుకుంది. ఇంకా నలభై నాలుగు రోజులు.

పదో నంబరు కూడా అయిపోయింది. ఏమీ దొరకలేదు. దొరక్కపోవడంతో అనుమానం మళ్లీ మొదటి చోటికే వెళ్లింది.

"పదిళ్లూ చూశాం. ఇక చెప్పేదేముంది గవర్రాజూ," అన్న రమణమూర్తి గొంతు వినిపించింది. "పెళ్లాం పిల్లలు ఉన్న సందు ఇది. సాయంత్రానికి ఖాళీ చెయ్యి. ఓనరుతో నేను మాట్లాడతాను."

"ఎక్కడికెల్లమంటావు బాబూ?"

"నీకు తగరపువలసలో అక్క ఉంది కదా."

"అక్కకి పిల్లలు లేరేటి?" అన్నాడు గవర్రాజు. తర్వాత అతనే, తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఇంతమంది సెప్తంటే నాకే అనుమానంగా ఉంది. ఉందేమో. నాకు తెల్దేమో."

ఆ మాట కాంతానికి సూదిలా దిగింది. లేని జబ్బుని ఆ మనిషి నమ్మడం మొదలుపెట్టాడు. రేకు పెట్టె ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆమె గోనెపట్టా కింద నుంచి మూట తీసింది. జుట్టు ముడేసుకుంది. సందులోకి వచ్చి మూట విప్పి, నేల మీది కుప్పల పక్కన ఎనిమిది సీసాలు పెట్టింది.

"ఇయి మాయి. మూడో నంబరులో ఏసిందీ నానే. జబ్బు మా ఆయనది."

నాగమణి నోరు తెరిచింది. రమణమూర్తి ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వు బయట చేరానన్నావు కదమ్మా," అన్నాడు.

"అబద్దం ఆడేను."

జబ్బు మాట కంటే ఆ మాటకే ఆయన ఎక్కువ అదిరిపోయినట్టు కనిపించాడు.

"నెల దాటింది కాబట్టి ఎవరికీ అంటదని డాక్టరు కార్డు మీద రాసేడు. కావాలంటే సదువుకోండి," అంది కాంతం. "మీరు పొమ్మన్నా నలభై నాలుగు ఇంజక్షన్లూ అయ్యేదాకా నాను కదల్ను. పోలీసుల్ని తెచ్చుకోండి."

గవర్రాజు పెట్టె వదిలేశాడు. ఆమె దగ్గరికి వచ్చాడు. కొడతాడనే అందరూ అనుకున్నారు. కాంతం కూడా అనుకుంది.

"రోజూ నీళ్లు పోసేవు," అన్నాడతను. "సెల్లీ అని పిలిత్తే పలికేవు."

కాంతం వంగి సీసాలు మళ్లీ గుడ్డలో కట్టింది.

"ఇక్కడ సెప్పడం కాదు. మా మేస్త్రీ కాడికి రా. అక్కడ సెప్పు."

మర్నాడు తెల్లారకముందే ఆమె ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. పడవలు అప్పుడే వచ్చి చేపలు గట్టు మీద కుప్పలు పోస్తున్నాయి. ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ ఎల్లాజీ ఆమె మాట మొత్తం విన్నాడు. చుట్టూ చేపలు వేలం పాడే పాటదార్లు, బుట్టల ఆడవాళ్లు కూడా విన్నారు. ఆ గుంపులో ఉక్కు ఫ్యాక్టరీ కాంట్రాక్టరు మనిషి ఎవడైనా ఉంటే సాయంత్రానికి త్రినాథరావు పని కూడా పోతుంది. కాంతం మాట తగ్గించలేదు.

"ఈడు నిన్ను ఎంతకి మాట్లాడుకున్నాడు?" అన్నాడు ఎల్లాజీ.

"ఏటి బాబూ?"

"మొగుడికి జబ్బుందని ఏ ఆడదైనా ఊరికే నలుగుర్లో సెప్తాదేటి? ఈడి పని కోసం నిన్ను తోడు తెచ్చుకున్నాడు."

"ఊరికే సెప్పదు," అన్న గొంతు వెనక నుంచి వచ్చింది. త్రినాథరావు. వద్దన్నా వెనకే వచ్చాడు. ఆసుపత్రి కార్డు ఎల్లాజీ చేతిలో పెట్టాడు. "నా పేరు, నా పొటో. తేదీలు ఎంచుకో. ఆడికేం లేదు. జబ్బున్నోణ్ణి నాను."

ఎల్లాజీ కార్డుని వేలి చివర్లతో పట్టుకుని చదివాడు. తిరిగిచ్చి చేతులు ఐసు నీళ్లలో కడుక్కున్నాడు. తర్వాత గోడకి ఆనించి ఉన్న ఇనప కొక్కెం గవర్రాజు వైపు విసిరాడు. గవర్రాజు దాన్ని పట్టుకుని ఐసు దిమ్మల వైపు నడిచాడు. కాంతం వైపు చూడలేదు. ఆ తర్వాత కూడా ఆమెని ఎప్పుడూ సెల్లీ అనలేదు.

ఇక మిగిలింది ఇల్లు. ఆ సాయంత్రం రమణమూర్తి ఓనరుకి ఉత్తరం రాశాడని ఆయన భార్య నారాయణమ్మే కుళాయి దగ్గర చెప్పింది. కాంతం సామాను సర్దలేదు. కానీ సబ్బవరం బస్సు వచ్చే వేళకి రోజూ గుమ్మంలో నిలబడేది. సన్యాసిరాజు వస్తే ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో వరస పెట్టుకుంది. ఒక రోజు గడిచింది. రెండో రోజూ ఎవరూ రాలేదు.

మూడో రోజు పైడితల్లి గంప దించి ఆమె గుమ్మం ముందు కూర్చుంది. ఇన్నాళ్లలో ఏ ఇంటి ముందూ ఆమె అలా కూర్చోలేదు.

"నువ్వు సదువుకున్నావు కదమ్మా. ఇదేటో సూడు."

నాలుగు ముక్కలైన తెల్ల కాగితం. కాంతం వాటిని మోకాలి మీద కలిపి పెట్టింది. గుండ్రటి అక్షరాలు. సబ్బవరం సన్యాసిరాజు గారికి రమణమూర్తి నమస్కరించి రాయునది. తొమ్మిదో నంబరువారు ఒక అంటురోగమును దాచి. అక్కడికి చిరిగిపోయింది.

"పోస్టు సెయ్యలేదు," అంది కాంతం మెల్లిగా.

"లేదు. ఓనరొత్తే తొమ్మిదో నంబరు ఒక్కటే సూసి ఎల్తాడేటి? మొన్న సందంతా తిరగేసిన గొడవ ఇంటాడు. పదిళ్లూ సూత్తానంటాడు. ఒకటో నంబరు కూడా తెరవాల కదా," అంది పైడితల్లి. "రాత్రంతా ఆలోసించి సింపేసుంటాడు."

"ఇది ఆళ్ల డబ్బాలోదేనా?"

"ఎనిమిదోదాన్లో దొరికింది."

కాంతం నవ్వబోయి ఆగిపోయింది. "మరి నువ్వు ఇన్నాళ్లూ మా సీసాల సంగతి ఎవరికీ సెప్పలేదేం? నీకు తెల్దా?"

"పొద్దున్నే మూడో నంబరు కాడ వొంగేది ఎవరో నాకు తెల్దేటి? సందు సివర గోడ కాడ కూకుని ఎవరెవరు వొంగుతున్నారో రోజూ సూత్తాను. ఒకరిది సెప్తే పదిమందిదీ సెప్పమంటారు. అప్పుడు నాకెవరూ చెత్త ఎయ్యరు," అని పైడితల్లి గంప ఎత్తుకుంది. "గవర్రాజు పని పోయిన రోజు సెప్పాలనుకున్నాను. ఒక్క పూట ఆగుదాం, నువ్వే సెప్తావేమో సూద్దాం అనుకున్నాను."

"సెప్పకపోతే?"

"సెప్పేవు కదా," అని ఆమె పదో నంబరు వైపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం అర్జునరావు వచ్చి అలవాటుగా తలుపు వేయబోయాడు. కాంతం అడ్డుపడింది. వెలుతురు చాలదు, ఉండనిమ్మంది. త్రినాథరావు చొక్కా చేతులు పైకి మడిచి వసారాలోనే కూర్చున్నాడు. పదో నంబరు నుంచి ఎవరో తొంగి చూశారు, వెంటనే వాళ్ల తలుపు మూసుకుంది. అర్జునరావు సూదిలోకి మందు ఎక్కించాడు. యాభై ఒకటోది.